రెండు నిమిషాల జవాబు

సబ్బు దగ్గర మొదలైంది ఆ ఉదయం గొడవ.

పాత సబ్బు అరిగి అరిగి గోరంత పలచనైపోయినా అత్తగారు పారెయ్యరు. కొత్త సబ్బు వీపు తడి చేసి, దాని మీద ఈ ముక్కని అంటించి, బొటనవేలితో నొక్కి, రెండూ ఒకటయ్యేదాకా కిటికీ గట్టు మీద ఆరబెడతారు. కోడలికి అది చూస్తే ఒళ్లు మండుతుంది. తెల్లటి సబ్బుకి పచ్చటి మూపురం ఏమిటని ఆమె బాధ. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆ మూపురం సంగతి తేలలేదు.

"అత్తయ్యా! మళ్లీ అంటించారా?" స్నానాలగదిలోంచి అరిచింది కోడలు.

"అంటిస్తే ఏం, కరిచిందా నిన్ను?" తలుపు బయటి నుంచి వెంటనే జవాబు.

"ఊడి కాలి కింద పడింది. జారితే నడుం విరిగేది!"

"ఆరకముందే వాడితే ఊడక ఏం చేస్తుంది? అది రేపటికని పెట్టిన సబ్బు. నీకన్నీ ఆత్రమే."

"సబ్బు ముట్టుకోవాలన్నా మీ అనుమతి కావాలన్నమాట."

"ముట్టుకో, ఎవరొద్దన్నారు? తిట్టకు."

హాల్లో బూటు తాళ్లు కట్టుకుంటున్న కొడుకు తలెత్తకుండా అన్నాడు: "పోనిద్దురూ, ఈ ఇంట్లో ఆ రెండు సబ్బులన్నా అతుక్కుని ఉంటున్నాయి."

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. రోజంతా మిషను రొదలో నోరు విప్పే వీలుండదు కనక, ఇంట్లో ఉన్న కాసేపట్లోనే సరదాలన్నీ ఆడేస్తాడు. పదకొండేళ్ల కూతురు నవ్వబోయి, నాయనమ్మ మొహం చూసి ఆపుకుంది.

అంతలో బల్ల మీది నల్ల ఫోను టింగుమంది.

"వచ్చింది!" అత్తగారి గొంతులో కోపం ఎటు పోయిందో పోయింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, కళ్లజోడైనా పెట్టుకోకుండా, తెర మీది ఆకుపచ్చ గడిని చూపుడువేలితో నొక్కారు. "నొక్కేశానే అమ్మాయ్! అర నిమిషం కూడా కాలేదు. నువ్వు తాపీగా పోసుకో."

"సరే అత్తయ్యా."

సబ్బు గొడవ అక్కడితో చల్లారింది. ఆ ఇంట్లో ఏ గొడవైనా ఆ ఫోను మోగేదాకానే.

దాన్ని ఇంట్లోవాళ్లు దేశం ఫోను అంటారు. వేళాకోళానికి పెట్టిన పేరే అయినా సంగతి నిజం. ఒక దేశపు కంప్యూటర్ల మీద దొంగలు పడబోతున్నారని మరో దేశానికి ముందే తెలిస్తే ఆ కబురు ఎవరికి చెప్పాలి? అందుకని ప్రతి దేశంలోనూ ఇరవైనాలుగు గంటలూ మెలకువగా ఉండే చోటు ఒకటి ఉండాలని దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. చాలా దేశాల్లో ఆ చోట్లు పెద్ద పెద్ద హాళ్లు. ఈ దేశంలో దాని పేరు జాతీయ అత్యవసర సంప్రదింపు కేంద్రం. కేంద్రమంటే ఈ నల్ల ఫోనూ, ఈ కోడలూ.

మొదట్లో ఇద్దరుండేవారు. రెండో ఆయన నాలుగేళ్ల కిందట పాస్‌పోర్టుల శాఖకి బదిలీ అయ్యాడు. ఆయన కుర్చీ మాత్రం బదిలీ కాలేదు. ఎవరో వస్తారని కోడలు కొన్నాళ్లు దాన్ని తుడిచి ఉంచేది. తర్వాత తుడవడం మానేసింది.

వారానికి రెండు మూడుసార్లు, ఏ వేళకో చెప్పకుండా, ఆ ఫోనుకి పరీక్ష కబుర్లు వస్తాయి. మెలకువగా ఉన్నారా లేదా అని చూడడానికి. అరగంటలోపు 'అందింది' అని నొక్కాలి. అసలు కబుర్లు కూడా ఆ దారినే వస్తాయి, నెలకి ఒకటో రెండో. మనిషన్నాక స్నానం చెయ్యాలి, డాబా మీద బట్టలు ఆరెయ్యాలి, ఎప్పుడో కన్ను మూతపడాలి. అలాంటప్పుడు అత్తగారు ఫోను దగ్గర కూర్చునేవారు. "ఏది వచ్చినా నొక్కి, నాకు ఒక్క కేక వెయ్యండి, చాలు," అని నేర్పింది కోడలే. కొత్తలో ఆవిడ నొక్కడానికి జంకుతుంటే, ధైర్యం చెప్పడానికి ఇంకో మాట కూడా అంది: "సెలవు రోజుల్లో వచ్చేవన్నీ పరీక్షలే అత్తయ్యా. కంగారు పడకండి."

ఆ పని దొరికాక అత్తగారి నడకే మారిపోయింది. పక్కింటివాళ్లు ఎక్కడికైనా రమ్మంటే, "నాకు డ్యూటీ ఉంది," అనేవారు.

కోడలి ఆఫీసు ఐదో అంతస్తులో, ఒకప్పుడు పాత ఫైళ్లు పడేసిన గది. రెండు బల్లలు, రెండో బల్ల మీద ప్లాస్టిక్ తొడుగు వేసిన కంప్యూటరు, లిఫ్టు యంత్రం గదివైపు తెరుచుకునే కిటికీ. భోజనశాల నేలమాళిగలో ఉంది. అక్కడ సిగ్నల్ అందదు. అందుకని నాలుగేళ్లుగా ఆమె ఒక్కతే గదిలో డబ్బా విప్పుకుని తింటుంది. మొదట్లో అందరూ "రండి" అని పిలిచేవారు. తర్వాత "మీరెలాగూ రారుగా" అని నవ్వి వెళ్లేవారు. ఇప్పుడు ఆ తలుపు ముందునుంచి వెళ్లేటప్పుడు తమలో తాము మాట్లాడుకునే మాట కూడా ఆపరు.

చిత్రమేమిటంటే, ఆమెకి ఉత్తరాలు రాసేవాళ్లు ప్రపంచం నిండా ఉన్నారు. ఎవరికీ పేరు లేదు, మొహం లేదు. ఉత్తరం కింద 'మొదటి షిఫ్టు' అనో 'రాత్రి షిఫ్టు' అనో ఉంటుంది, అంతే. ఒక మంచు దేశపు రెండో షిఫ్టు మనిషి మాత్రం చివర ఎప్పుడూ 'మీ పగలు తేలిగ్గా గడవాలి' అని రాస్తాడు. రాస్తాడో రాస్తుందో కూడా తెలియదు. పని కబురు ఎలాంటిదైనా, ఆమె కళ్లు ముందు ఆ చివరి వాక్యం కోసం వెతికేవి. ఆ రోజుకి తనని ఉద్దేశించి ఎవరైనా అన్న మాట అదొక్కటే అయిన రోజులు చాలా ఉన్నాయి.

ఆమె కూడా జవాబుల్లో 'మేము' అనే రాసేది. ఒక్కదాన్నే అంటే దేశం పరువు పోతుందని, ఒకసారి మొదటి షిఫ్టు అని, ఒకసారి మూడో షిఫ్టు అని సంతకం చేసేది. 'మేము పరిశీలిస్తున్నాము' అని రాసి, ఖాళీ కుర్చీ వైపు చూసి నవ్వుకునేది. ఈ మధ్య ఆ నవ్వు కూడా రావడం లేదు.

సబ్బు గొడవ జరిగిన రోజు, పదకొండు గంటలప్పుడు, డైరెక్టరుగారు తనంతట తనే ఐదో అంతస్తుకి వచ్చారు.

"ఏమ్మా, కూర్చున్నావా? లే, లే, కూర్చునే రోజు కాదిది!" ఆయన చేతిలో కాగితాలు ఊగుతున్నాయి. "పోయినేడు నలభై ఆరు. ఈ ఏడు ఇరవై తొమ్మిది! పక్క దేశం ముప్పై నాలుగు. వాళ్లకి నలభై మంది మనుషులు, గోడంత తెర, కాఫీ మిషను. మనకేముంది? నువ్వున్నావు!"

"నాకు కాఫీ కూడా నేనే తెచ్చుకోవాలి సార్."

ఆయన పగలబడి నవ్వారు. మంచి మనిషే.

ఏటా ఒక అంతర్జాతీయ సంస్థ దేశాల సైబర్ రక్షణని కొలిచి జాబితా వేస్తుంది. చట్టం ఉందా, శిక్షణ ఉందా, కేంద్రం ఉందా, అది ఎంత వేగంగా జవాబిస్తుంది అని ఒక్కోదానికి ఇన్ని మార్కులు. మిగతా వాటిల్లో ఈ దేశానివి అత్తెసరు మార్కులే. జవాబు వేగంలో మాత్రం నూటికి నూరు. సగటున మూడు నిమిషాలు. ఆ ఒక్క గడే దేశాన్నంతా భుజాన వేసుకుని పదిహేడు మెట్లెక్కించింది.

"ఇది చూడు, పక్క దేశం వాళ్ల ఉత్తరం. వచ్చే నెల ఇద్దరొచ్చి మన కేంద్రం ఎలా పనిచేస్తుందో చూసి నేర్చుకుంటారట."

"ఏం చూస్తారు సార్?"

"అదే నా బెంగ. అకౌంట్సు నుంచి ఓ ముగ్గురిని పట్టుకొచ్చి కూర్చోబెడదాం. తెర ఒకటి అద్దెకి తెద్దాం. నువ్వు శుక్రవారానికి రెండు పనులు చెయ్యి. ఏడాది జవాబుల పట్టీ తియ్యి. ఈ కొత్త ఫారం నింపు. ఈసారి షిఫ్టుకి ఎంతమంది అని అడిగారు. నలుగురని రాసెయ్."

ఆయన కళ్లు దుమ్ము పట్టిన కుర్చీ మీద పడ్డాయి. గొంతు తగ్గింది. "ఏటా నలుగురిని ఇమ్మని అడుగుతూనే ఉన్నానమ్మా. 'ర్యాంకు పెరుగుతోందిగా, మనుషులెందుకు' అంటారు. మనం బాగా చేసినకొద్దీ మనకి మనుషులు రారు. నన్నేం చెయ్యమంటావు చెప్పు."

ఆయన వెళ్లాక ఆమె ఉత్తరం చదివింది. మర్యాదగా రాశారు. 'మావాళ్లు సందేశం చదివి, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకుని అందినట్టు నొక్కేసరికి పదకొండు నిమిషాలవుతోంది. మూడు నిమిషాల్లో మీవాళ్లు ఎలా చదవగలుగుతున్నారో తెలుసుకోవాలని ఉంది.'

చదివి, నొక్కేసరికి. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది.

పట్టీ తియ్యడానికి ఫోనుని కంప్యూటరుకి తగిలించింది. ఒకసారి నొక్కిన కబురు మొదటి పేజీలోంచి మాయమై 'ముగిసినవి' అనే చోటికి పోతుంది. ఆ చోటు తెరిచి ఏళ్లయింది. తెరవాల్సిన పని ఏముంది? ముగిసినవన్నీ తను చూసినవే కదా. వరసగా కిందికి దింపుతూ పోయింది. ప్రతి వరసకీ పక్కన 'పరీక్ష' అని చిన్న ముద్ర. పరీక్ష, పరీక్ష, అసలుది, గుర్తుంది. మళ్లీ పరీక్ష. ఏడు వారాల కిందటి ఒక ఆదివారం మధ్యాహ్నం దగ్గర ముద్ర లేదు. జవాబిచ్చిన సమయం: రెండు నిమిషాలు. ఏడాదిలో వచ్చిన అసలు కబుర్లన్నిటిలోకీ ఇంత తొందరగా జవాబిచ్చింది మరొకటి లేదు.

తెరిచింది. మంచు దేశం, రెండో షిఫ్టు.

'మీ పెద్దాసుపత్రి కంప్యూటర్లలో దొంగలు చొరబడి ఉన్నట్టు మాకు కనబడింది. తెల్లవారేలోపు అన్నిటికీ తాళం వేస్తారు. వెంటనే వాటిని నెట్ నుంచి విడదీయించండి.' దాని కింద, మరో మూడు నిమిషాలకి వచ్చిన రెండో ముక్క: 'ఇంత త్వరగా అందుకున్నందుకు కృతజ్ఞతలు. ఇక మాకు నిశ్చింత. మీ పగలు తేలిగ్గా గడవాలి.'

ఆ ఆదివారం ఆమెకి జ్వరం. మాత్ర వేసుకుని ఒళ్లు తెలియకుండా పడుకుంది. సోమవారం పొద్దున పెద్దాసుపత్రి కంప్యూటర్లన్నీ మూసుకుపోయాయి. నాలుగు రోజులు నర్సులు చీటీల మీద రాసుకున్నారు. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. రాత్రంతా కాపలా ఉండి కూడా దొంగల్ని కనిపెట్టలేకపోయాడని ఆసుపత్రి కంప్యూటర్లు చూసే టెక్నీషియన్‌ని సస్పెండ్ చేశారు. చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగుతున్న అతని ఫోటో పేపర్లో వచ్చింది. విచారణవాళ్లు కేంద్రానికి కూడా ఒక ప్రశ్న పంపారు. ఆమె ఫోను మొదటి పేజీ చూసింది. ఖాళీ. 'ముందస్తు హెచ్చరిక ఏదీ ఈ కేంద్రానికి అందలేదు' అని రాసి, సంతకం చేసి పంపింది. చేతివ్రాత బాగుందని తనే అనుకుంది కూడా.

ఆ మధ్యాహ్నం డబ్బా మూత తియ్యలేదు. రెండో షిఫ్టుకి ఉత్తరం మొదలుపెట్టింది. 'మేము' అని కొట్టి, చెరిపేసింది. 'ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను' అని కొట్టింది. చాలాసేపు ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చుంది. పంపకుండా అదీ చెరిపేసింది.

సాయంత్రం అత్తగారు బట్టలు మడత పెడుతున్నారు. కోడలు పక్కన కూర్చుని దుప్పటి రెండో కొస పట్టుకుంది.

"అత్తయ్యా, నాకు జ్వరం వచ్చిన ఆదివారం ఫోను మోగిందా?"

"మోగకేం! నువ్వు మూలుగుతూ పడుకున్నావు. లేపబుద్ధి కాలేదు. నేనే నొక్కాను."

"నాకు చెప్పలేదేం?"

"లేచాక చెబుదామనుకున్నా. సాయంత్రానికి జ్వరం ఇంకా పెరిగింది. ఆ కంగారులో అది గుర్తుంటుందా? అయినా ఆదివారానివి పరీక్షలే అన్నావుగా." ఆవిడ దుప్పటి అంచులు కలిపి ఆమె చేతిలోంచి తీసుకున్నారు. "స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి తెలుసా? పాలు వదిలేసి పరిగెత్తాను. పొయ్యంతా తడిసింది కానీ ఫోను మాత్రం వదల్లేదు. ఎంతసేపట్లో నొక్కానేం?"

"రెండు నిమిషాల్లో."

"చూశావా!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. కోడలు పక్క బట్ట అందుకుంది.

మర్నాడు డైరెక్టరుగారి గదిలో తలుపు వేసి చెప్పింది. ఆయన కబురుని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు సార్."

"అయితే తెలియనివ్వకు. 'ముగిసినవి' ఎవరు తెరుస్తారు? నువ్వే తెరవలేదు ఇన్నేళ్లూ."

"ఆ టెక్నీషియన్…"

"అతన్ని ఆరు నెలల్లో వెనక్కి తీసుకుంటారమ్మా. నిన్ను తీసుకోరు." ఆయన నెమ్మదిగానే అన్నారు. "విచారణలో ఏమని చెప్తావు? దేశానికొచ్చిన హెచ్చరిక మా అత్తగారు నొక్కారనా? ప్రపంచమంతా నవ్వుతుంది. ఇరవై తొమ్మిది కాదు, తొంభై తొమ్మిదికి పోతాం. నీ సంతకం ఉంది ఆ కాగితం మీద, మర్చిపోకు."

"మర్చిపోలేదు సార్. అందుకే వచ్చాను."

"ఇంటికెళ్లి ఆలోచించుకో. మీ ఆయన్ని అడుగు."

మెట్ల మీద భోజనశాల నుంచి పైకి వస్తున్న గుంపు ఎదురైంది. ఏదో నవ్వులాట. పక్కకి జరిగి దారిచ్చింది. వాళ్లెవరితోనైనా ఒక్క మాట చెప్పుకుంటే బాగుండనిపించింది. కానీ ఎవరితో? వాళ్లకి ఆమె తలుపు మీది బోర్డు తెలుసు, అంతే. గదిలోకి వెళ్లి ఫారం ముందు కూర్చుంది. సాయంత్రం దాకా ఒక గడి తప్ప అన్నీ నింపింది. ఇంటికి బయల్దేరేముందు ఆ గడి కూడా నింపి, మడిచి సంచీలో పెట్టుకుంది.

ఏడింటికి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని కూతురు, సరిపోయిందని నాయనమ్మ. కొడుకు ఆ రోజు దుకాణం కబుర్లు చెబుతున్నాడు.

"ఒక పెద్దాయన వచ్చాడు. ఎడమ కన్ను ఆపరేషనయింది, కుడిది కాలేదు. ఆసుపత్రి కంప్యూటర్లు మూసుకుపోయినప్పుడే ఆయన వంతు వచ్చిందట. వాయిదా వేశారు, ఇంకా పిలవలేదు. 'రెండో అద్దం తర్వాత వేయించుకుంటాను, ఇప్పటికి ఒకటే చెయ్యి బాబూ' అన్నాడు. ఒకవైపు అద్దం, ఒకవైపు ఉత్త చట్రం. మెట్లు దిగేటప్పుడు నేనే చెయ్యి పట్టుకున్నాను."

కోడలు కంచంలో చెయ్యి ఆపేసింది.

"రేపు పదింటికి ఆసుపత్రి విచారణ ఆఫీసుకి వెళ్తున్నాను," అంది.

"నువ్వెందుకు?" అన్నాడు అతను.

"ఆ దొంగల సంగతి ముందే మాకు కబురొచ్చింది. ఒక రోజు ముందు. నేను చూడలేదు. రాలేదని కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితం వల్లే తప్పంతా ఆ టెక్నీషియన్ మీద పడి, అతను ఇంట్లో కూర్చున్నాడు."

అత్తగారు నీళ్ల గ్లాసు ఎత్తబోయి, మళ్లీ కింద పెట్టారు.

"ఆ ఆదివారం… నేను నొక్కిందేనా అమ్మాయ్?"

"మీరు నొక్కిందే అత్తయ్యా. కానీ నొక్కమన్నది నేను. ఆదివారానివన్నీ పరీక్షలే అన్నదీ నేనే. సంతకం నాది."

"రెండు నిమిషాల్లో అన్నావు." ఆవిడ గొంతు పీలగా వచ్చింది. "నిన్న నన్ను మెచ్చుకున్నావనుకున్నాను."

అతను తల్లి వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. సరదాగా అనడానికి ఏ మాటా దొరకలేదు.

"ఉద్యోగం పోతుందా?" అన్నాడు చివరికి.

"పోవచ్చు. డైరెక్టరుగారు వద్దనే అన్నారు. ఫారంలో షిఫ్టుకి నలుగురని రాయమన్నారు. నేను ఒకరు అని రాశాను. ఆ ఒకరు నిద్రపోతారని కూడా రాశాను. ర్యాంకు ఎక్కడికి పడుతుందో పడనీ."

"అమ్మా, మరి పేపర్లో నీ ఫోటో వేస్తారా?" అంది కూతురు. ఎవరూ ఆ పిల్లని కసురుకోలేదు.

అత్తగారు కంచం పక్కకి జరిపారు. "నేనూ వస్తాను రేపు. పాలు వదిలేసి పరిగెత్తింది నేను. చదవకుండా వేలు పెట్టింది నేను. వాళ్లకి నేనే చెప్తాను."

"మీరొద్దు అత్తయ్యా," అంది కోడలు. "అది నా పని. నేనొక్కదాన్నే వెళ్లి చెప్తాను."